అడ్వాన్స్‌డ్ ఇంగ్లీష్ పదాలు నేర్చుకోవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

అడ్వాన్స్‌డ్ వొకాబులరీ అంటే అసలు ఏ పదాలు?

ఎవరికీ తెలియని, నోరు తిరగని పదాలని చాలామంది అనుకుంటారు. అలాంటి పదాల జాబితాలు బట్టీ పట్టి, వాటిని వాడే చోటు దొరక్క వదిలేసినవాళ్ళు ఎందరో ఉన్నారు. నా లెక్కలో అడ్వాన్స్‌డ్ అంటే కచ్చితత్వం. అన్నిచోట్లా ‘బ్యాడ్’ అనే ఒక్క మాటతో నెట్టుకొచ్చేవాళ్ళు, ఏ రకంగా బ్యాడో చెప్పగలిగితే ఒక మెట్టు ఎక్కినట్టే. వాదనలో పస లేకపోతే ‘ఫ్లిమ్సీ’, నాణ్యత తక్కువైతే ‘సబ్‌స్టాండర్డ్’, వ్యవహారం అనుమానాస్పదంగా ఉంటే ‘షేడీ’, మంచి ఉద్దేశంతోనే అయినా దారి తప్పిన నిర్ణయమైతే ‘మిస్‌గైడెడ్’. వీటిలో ఒక్కటి కూడా అరుదైన పదం కాదు. రోజూ వార్తల్లో కనిపించేవే.

స్థాయి తెలుసుకోవాలంటే కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన కొలమానం ఉంది. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు. సీ1, సీ2లను అడ్వాన్స్‌డ్ అంటారు. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీల వెబ్‌సైట్లలో చాలా పదాల పక్కన ఈ మెట్టు కూడా చూపిస్తారు. అది పదానికే కాక, అర్థానికీ మారుతుందని గమనించండి. చిరునామా అనే అర్థంలో ‘అడ్రస్’ మొదట్లోనే నేర్చుకునే మాట. ‘వి మస్ట్ అడ్రస్ దిస్ ప్రాబ్లమ్’ అన్నప్పుడు అదే మాట పై మెట్టుకు చేరుతుంది. అంటే మీకు తెలుసనుకున్న పదాల్లోనే నేర్చుకోవలసింది చాలా మిగిలి ఉంటుంది.

ఎన్ని పదాలు వస్తే సరిపోతుంది?

పదాలు నేర్చుకోవడంపై దశాబ్దాలుగా పరిశోధన చేసిన పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ఒకటి ఉంది. సాయం లేకుండా నవలలు, వార్తాపత్రికలు చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు కావాలి. మాటలు విని అర్థం చేసుకోవడానికైతే 6,000 నుంచి 7,000 చాలు. పద కుటుంబం అంటే ‘డిసైడ్, డిసిషన్, డిసైసివ్, ఇన్‌డిసైసివ్’ లాంటివన్నీ కలిపి ఒకటి. ఈ లెక్క వెనకున్న షరతు ఏమిటంటే, చదివే పాఠంలో 98 శాతం పదాలు తెలిసి ఉండాలి. అంటే యాభై పదాలకు ఒకటి మాత్రమే తెలియనిది. అప్పుడే ఆ ఒక్కదాన్ని సందర్భాన్ని బట్టి ఊహించగలరు. లైనుకు రెండు మూడు తెలియని పదాలు తగులుతుంటే ఊహించడం సాగదు. ఆ పుస్తకాన్ని కొంతకాలం పక్కన పెట్టి, కాస్త తేలికైనది చదవడమే మంచిది.

చదువు, పరిశోధన కోసం నేర్చుకునేవాళ్ళకు దగ్గర దారి ఉంది. ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడెమిక్ వర్డ్ లిస్ట్‌లో ఉన్నవి 570 పద కుటుంబాలే. అయినా విశ్వవిద్యాలయ స్థాయి పాఠ్యాల్లో దాదాపు పదో వంతు పదాలు వాటిలోనివే. ‘అనలైజ్, ఇంప్లై, సస్టెయిన్, కోహెరెంట్’ లాంటివి. మొదట వీటిని పూర్తిచేసి తర్వాత మిగతావాటి జోలికి వెళ్ళమని నా సలహా.

తెలుగు అర్థం చూసుకోవాలా, ఇంగ్లీష్ నిర్వచనమే చదవాలా?

రెండూ. తెలుగు అర్థం చూస్తే తప్పేదో జరిగిపోతుందని భయపెట్టేవాళ్ళ మాట పట్టించుకోకండి. వస్తువుల పేర్లకు, మొక్కలకు, జబ్బులకు తెలుగు మాట చూస్తే క్షణంలో అర్థమవుతుంది. అక్కడ ఇంగ్లీష్ నిర్వచనంతో కుస్తీ పట్టడం వృథా. భావాలను, వైఖరులను చెప్పే పదాలకు మాత్రం తెలుగు అర్థం గుమ్మం దాకానే తీసుకెళ్తుంది. ‘ఫ్రూగల్’, ‘స్టింజీ’ రెండింటికీ ‘ఖర్చు పెట్టనివాడు’ అని రాసుకుంటే, మీరు మెచ్చుకోవాలనుకున్న మనిషిని తిట్టే ప్రమాదముంది. మొదటిది పొదుపరి, రెండోది పిసినారి. నిర్వచనంలో ఇలాంటి మెప్పు, ఏవగింపు ఎక్కడున్నాయో వెతకండి. నిఘంటువుల్లో ‘అప్రూవింగ్’, ‘డిసప్రూవింగ్’ అని చిన్న గుర్తులు ఉంటాయి. చాలామంది చూడకుండా దాటేసేవి అవే.

ఏ డిక్షనరీ మంచిది?

లెర్నర్స్ డిక్షనరీ ఏదైనా మంచిదే. ఇంగ్లీష్ పుట్టుకతో వచ్చినవాళ్ళ కోసం రాసిన పెద్ద నిఘంటువులకూ వీటికీ చాలా తేడా ఉంది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. పదం చరిత్ర కావాలంటే అది మహా భాండాగారమే, కానీ వాడకం నేర్చుకోవడానికి అక్కడికి వెళ్ళనక్కర్లేదు. జపాన్‌లో ఇంగ్లీష్ బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ, తన విద్యార్థుల అవసరాలు చూసి తయారుచేసిన నిఘంటువును ఆక్స్‌ఫర్డ్ 1948లో ప్రచురించింది. ఇవాళ మనం చూసే అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని సంతానమే. 1978లో వచ్చిన లాంగ్‌మన్ డిక్షనరీ తన నిర్వచనాలన్నిటినీ దాదాపు 2,000 తేలిక పదాల్లోనే రాసింది. 1987లో వచ్చిన కోబిల్డ్ ఇంకో అడుగు ముందుకేసి, నిర్వచనాన్నే పూర్తి వాక్యంగా ఇచ్చింది. ‘ఇఫ్ యు అండర్‌మైన్ సమ్‌థింగ్...’ అంటూ మొదలుపెడితే ఆ క్రియ తర్వాత ఏం రావాలో కూడా అక్కడే తెలిసిపోతుంది. వాడకం కోసమైతే నేను కోబిల్డ్‌కే ఓటేస్తాను.

ఉదాహరణ వాక్యం అంత ముఖ్యమా? నిర్వచనం గుర్తుంటే చాలదా?

చాలదు. పదానికి అర్థంతో పాటు సావాసం కూడా ఉంటుంది. మన భాషలోనే చూడండి. వాన కురుస్తుంది, గాలి వీస్తుంది, పిడుగు పడుతుంది, మంచు కూడా కురుస్తుంది. ‘గాలి కురిసింది’ అంటే వ్యాకరణం తప్పు కాకపోయినా తెలుగు కాదు. ఇంగ్లీష్‌లోనూ అంతే. వానకు ‘హెవీ’ అంటారు, గాలికి ‘స్ట్రాంగ్’ అంటారు. ‘స్ట్రాంగ్ రెయిన్’ అంటే అర్థమవుతుంది కానీ చెవికి తేడాగా వినిపిస్తుంది. నేరాన్ని ‘కమిట్’ చేస్తారు, శ్రద్ధను ‘పే’ చేస్తారు, నిర్ణయానికి ‘రీచ్’ అవుతారు. నిర్వచనం ఎంత బాగా రాసినా ఈ సంగతి చెప్పదు. వాక్యం చెబుతుంది.

అందుకే ప్రతి కొత్త పదానికీ నిఘంటువులోని వాక్యం ఒకటి, మీ సొంతది ఒకటి రాసుకోండి. సొంతది రాసేటప్పుడు ఒక్క పరీక్ష పెట్టుకోవాలి: ఆ పదం తీసేసి ఖాళీ వదిలితే, చదివినవాళ్ళు దాన్ని ఊహించగలగాలి. ‘హి ఈజ్ మెటిక్యులస్’ అనే వాక్యంలో ఆ పదం స్థానంలో ‘టాల్’ పెట్టినా సరిపోతుంది, ‘హంగ్రీ’ పెట్టినా సరిపోతుంది. కాబట్టి ఆ వాక్యం మీకేమీ నేర్పదు. ‘షి ఈజ్ సో మెటిక్యులస్ దట్ షి చెక్స్ ఎవ్రీ కామా ట్వైస్’ అంటే ప్రతి కామానూ రెండుసార్లు చూసేంత జాగ్రత్త కళ్ళకు కడుతుంది. ఇంకెప్పుడు ఆ పదం కనబడినా కామాలు గుర్తొస్తాయి.

మీ జీవితంలోని మనుషుల్ని, పనుల్ని ఆ వాక్యాల్లోకి తెచ్చుకోండి. మీ మేనమామ పొదుపు గురించి రాసిన వాక్యం ఎవరో ముక్కూమొహం తెలియని ‘జాన్’ గురించిన వాక్యం కన్నా ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఎవరికీ చూపించనక్కర్లేదు కాబట్టి మొహమాటం లేకుండా రాయండి.

నిర్వచనం, వాక్యంతో కొన్ని పదాలు చూపించండి.

‘మిటిగేట్’: రాబోయే లేదా వచ్చిన చెడు తీవ్రతను తగ్గించడం. చెడు పూర్తిగా పోదు, దెబ్బ తగ్గుతుంది. ‘ట్రీస్ అలాంగ్ ద రివర్ బ్యాంక్ మిటిగేట్ ది ఎఫెక్ట్స్ ఆఫ్ ఫ్లడ్స్.’ దీనికి తోడుగా వచ్చేవి రిస్క్, ఎఫెక్ట్, డ్యామేజ్. నొప్పి, బాధ, పేదరికం తగ్గించడానికైతే ‘అలీవియేట్’ అంటారు. ‘మిటిగేట్ అగెయిన్‌స్ట్’ అని కొందరు రాస్తారు. అది ‘మిలిటేట్ అగెయిన్‌స్ట్’తో కలగాపులగం అయిన వాడుక. ‘మిలిటేట్’ అంటే అడ్డుగా నిలవడం.

‘ప్లాజిబుల్’: వినగానే నిజమే అనిపించేది. నిజమని గ్యారంటీ లేదు, ఆ సందేహానికి చోటు ఉంచడమే ఈ పదం అందం. ‘హిజ్ ఎక్స్‌క్యూజ్ సౌండెడ్ ప్లాజిబుల్, బట్ ద డేట్స్ డిడ్ నాట్ మ్యాచ్.’ సాకు నమ్మేలాగే ఉంది, తేదీలే కుదరలేదు.

‘కన్సీడ్’: వాదనలో ఎదుటివాళ్ళ మాట నిజమని, మనసొప్పకపోయినా ఒప్పుకోవడం. ‘షి కన్సీడెడ్ దట్ ద ప్లాన్ వాజ్ టూ ఎక్స్‌పెన్సివ్.’ ఓటమికీ, ఆటలో గోల్‌కూ ఇదే క్రియ. ‘అగ్రీ’లో లేని అయిష్టం ఇందులో ఉంది.

‘యాంబివలెంట్’: ఒకే విషయంపై ఇష్టం, అయిష్టం రెండూ ఉండటం. పట్టనట్టుండటం అనుకుని పొరబడతారు. దానికి మాట ‘ఇన్‌డిఫరెంట్’. ‘హి ఫెల్ట్ యాంబివలెంట్ అబౌట్ మూవింగ్ అబ్రాడ్: ప్రౌడ్ ఆఫ్ ద జాబ్, సాడ్ టు లీవ్ హిజ్ మదర్.’ కోలన్ తర్వాతి భాగం లేకపోతే ఈ వాక్యం పైన చెప్పిన పరీక్ష నెగ్గదు.

‘రెటిసెంట్’: ముఖ్యంగా తన గురించి, తన భావాల గురించి నోరు విప్పడానికి ఇష్టపడకపోవడం. ‘గ్రాండ్‌ఫాదర్ వాజ్ రెటిసెంట్ అబౌట్ ద వార్, వి నెవర్ హర్డ్ ఎ వర్డ్ ఆఫ్ ఇట్.’ ఏ పనైనా చేయడానికి వెనకాడితే ‘రెలక్టెంట్’.

‘అండర్‌మైన్’: కింద తవ్వి గోడను బలహీనపరచడం దీని మొదటి అర్థం. ఇప్పుడు నమ్మకాన్ని, అధికారాన్ని, ధైర్యాన్ని మెల్లమెల్లగా దెబ్బతీయడం. ‘కాన్‌స్టంట్ క్రిటిసిజమ్ అండర్‌మైన్డ్ హిజ్ కాన్ఫిడెన్స్.’ ఒక్క దెబ్బతో కూలిపోయేదానికి ఇది వాడరు.

‘క్యాండిడ్’: ఉన్నదున్నట్టు చెప్పడం, అదీ మంచి మనసుతో. ‘షి వాజ్ క్యాండిడ్ అబౌట్ హర్ ఫెయిల్యూర్స్.’ అదే నిజాన్ని ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారన్న పట్టింపు లేకుండా చెబితే ‘బ్లంట్’.

నేను రాసిన వాక్యం సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?

ముందు నిఘంటువులోని మూడు నాలుగు వాక్యాలు చూడండి. మీ వాక్యంలో ఆ పదం పక్కన ఉన్నలాంటి మాటే అక్కడా ఉంటే సగం భయం పోయినట్టే. తర్వాత కార్పస్ చూడండి. కార్పస్ అంటే నిజంగా వాడిన వాక్యాల పెద్ద నిల్వ. సమకాలీన అమెరికన్ ఇంగ్లీష్ కోసం మార్క్ డేవీస్ రూపొందించిన ‘కోకా’లో వంద కోట్లకు పైగా పదాలున్నాయి. మీరు రాసిన జంట అక్కడ ఎక్కడా కనబడకపోతే మార్చుకోవలసిందే. ఏఐ చాట్‌బాట్‌ని అడగడంలో తప్పు లేదు. కాకపోతే ‘ఇది కరెక్టేనా?’ అని అడగకుండా, ‘ఈ పదం పక్కన సాధారణంగా ఏ మాటలు వస్తాయి?’ అని అడిగి, జవాబును నిఘంటువుతో పోల్చుకోండి.

ఒకే అర్థమున్న పదాలన్నీ ఒకేసారి నేర్చుకుంటే సులువు కదా?

సులువనిపిస్తుంది, కానీ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. థామస్ టింకమ్ 1993లో చేసిన ప్రయోగాల్లో, అర్థంలో దగ్గరగా ఉన్న పదాలను ఒక గుంపుగా నేర్చుకున్నప్పుడు ఎక్కువ కష్టపడాల్సి వచ్చిందని తేలింది. ముందు ఒకదాన్ని బాగా వంటబట్టించుకుని, కొన్ని వారాల తర్వాత దాని చుట్టాన్ని తెచ్చుకోండి. పైన నేను ‘రెటిసెంట్’ పక్కన ‘రెలక్టెంట్’ పెట్టింది కూడా రెండోది మీకు ముందే తెలిసి ఉంటుందన్న ధైర్యంతోనే. దగ్గర అర్థాలున్న పదాలను ఒకచోట చేర్చి ఇచ్చే థెసారస్‌ను కూడా ఇలాగే చూడాలి. తెలిసిన పదాన్ని గుర్తు తెచ్చుకోవడానికి అది గొప్ప సాధనం. తెలియని పదాన్ని ఏరుకుని వ్యాసంలో పెట్టడానికి మాత్రం కాదు.

రూట్స్ (పదాల ధాతువులు) నేర్చుకుంటే వందల పదాలు వచ్చేస్తాయంటారు. నిజమేనా?

కొంత నిజం. ‘క్రెడ్’ అంటే నమ్మకం అని తెలిస్తే ‘క్రెడిబుల్’ నమ్మదగినది, ‘క్రెడ్యులస్’ ఏది చెప్పినా నమ్మేసే మనిషి, ‘ఇన్‌క్రెడ్యులస్’ నమ్మలేకపోతున్న మనిషి అని కట్టకట్టి గుర్తుంచుకోవచ్చు. ‘బెనె’ మంచి, ‘మాల్’ చెడు అని తెలిస్తే ‘బెనెవలెంట్, మలెవలెంట్’ విడదీయగలరు.

అయితే మనకు ఆహారం, విహారం, సంహారం, పరిహారం ఉన్నాయి కదా. నాలుగింట్లోనూ ఉన్న ధాతువు ఒక్కటే. ఉపసర్గ మారగానే ఒకటి అన్నం, ఒకటి షికారు, ఒకటి చంపడం, ఒకటి నష్టానికి చెల్లింపు. ధాతువు తెలిసినంత మాత్రాన ఈ అర్థాలు ఎవరికీ తట్టవు. ఇంగ్లీష్‌లోనూ రూటును నమ్ముకుని అర్థం ఊహిస్తే దెబ్బతినే చోట్లున్నాయి. ‘ఇన్’ అంటే ‘కాదు’ అనుకుని ‘ఇన్‌ఫ్లేమబుల్’ను మంట అంటుకోనిది అనుకుంటే ప్రాణాపాయమే, ఆ మాటకు అర్థం తేలిగ్గా మండేది అని. కాబట్టి అర్థం తెలిశాక గుర్తుంచుకోవడానికి రూటు వాడండి. అర్థం కనిపెట్టడానికి వాడితే నిఘంటువుతో సరిచూసుకోండి.

నేర్చుకున్నవి వారంలో మర్చిపోతున్నాను. ఏం చేయాలి?

మర్చిపోవడం మామూలే, దానికి టెన్షన్ అక్కర్లేదు. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మరపు ఎక్కువగా మొదటి గంటల్లోనే జరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే మొదటి పునశ్చరణ మర్నాడే ఉండాలి. ఆ తర్వాత మూడు రోజులకు, వారానికి, నెలకు అని దూరం పెంచుకుంటూ పోవచ్చు.

పునశ్చరణ అంటే మళ్ళీ చదవడం అనుకుంటారు. అక్కడే శ్రమ వృథా అవుతుంది. రోడిగర్, కార్‌పికీ అనే పరిశోధకులు 2006లో చేసిన ప్రయోగంలో, మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత బాగా గుర్తుంచుకున్నారు. వారం గడిచాక మాత్రం, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళే ముందున్నారు. కాబట్టి కార్డుకు ఒకవైపు ఖాళీ ఉన్న మీ వాక్యం, రెండోవైపు పదం పెట్టండి. సెబాస్టియన్ లైట్నర్ 1972లో చెప్పిన పెట్టెల పద్ధతి కాగితం కార్డులకు ఇప్పటికీ పనికొస్తుంది. జవాబు వస్తే కార్డు తర్వాతి పెట్టెలోకి, రాకపోతే మళ్ళీ మొదటి పెట్టెలోకి. ఫోన్‌లో అయితే 2006 నుంచి ఉన్న ‘ఆంకీ’ అనే కార్డుల యాప్ ఈ లెక్కంతా తనే చూసుకుంటుంది. ఇతరులు చేసిన రెడీమేడ్ డెక్‌ల (కార్డుల కట్టల) కన్నా మీరు చేసుకున్న పది కార్డులు మేలు. రోజుకు ఐదు కొత్త పదాలు దాటవద్దు, పాతవాటి భారం పెరిగి మొత్తం మానేస్తారు.

తెలుగులో రోజూ వాడే ఇంగ్లీష్ మాటలు సాయం చేస్తాయా?

చేస్తాయి, కొన్ని అడ్డం కూడా పడతాయి. తెలుగులో ‘ఫీల్ అయ్యాడు’ అంటే నొచ్చుకున్నాడు. ఇంగ్లీష్‌లో ‘హి ఫెల్ట్’ అని ఆపేస్తే ఏమనిపించిందో చెప్పనేలేదు, ‘హి ఫెల్ట్ హర్ట్’ అనాలి. మనకు ‘డౌట్’ అంటే అడగాలనుకున్న ప్రశ్న. ఇంగ్లీష్‌లో అది నమ్మకం లేకపోవడం, కాబట్టి ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మీ మాట నమ్మలేనట్టు వినిపించవచ్చు. ‘సెంటిమెంట్’ను మనం శకునాలకూ అనురాగాలకూ వాడతాం. అక్కడ ‘పబ్లిక్ సెంటిమెంట్’ అంటే ప్రజాభిప్రాయం. ఇలాంటి మాటలు తెలిసినవే కదా అని నిఘంటువు చూడం. అందుకే వీటిని కొత్త పదాల్లాగే కార్డుల్లో చేర్చుకోండి.

ఉచ్చారణ కూడా అప్పుడే నేర్చుకోవాలా?

అవును, అదే రోజు. చదివి నేర్చుకున్న పదం నోట్లో తప్పుగా స్థిరపడితే తర్వాత వదిలించుకోవడం కష్టం. ‘ఎపిటమీ’ (epitome)ని ఎపిటోమ్ అనీ, ‘హైపర్బలీ’ (hyperbole)ని హైపర్‌బోల్ అనీ, ‘అరై’ (awry)ని ఆరీ అనీ అనుకోవడం సహజం, స్పెల్లింగ్ అలా మోసం చేస్తుంది. ‘సటిల్’ (subtle)లో బీ పలకదు. ‘ఇండైట్’ (indict)లో సీ పలకదు. తెలుగులో అక్షరాలన్నిటినీ దాదాపు సమంగా పలుకుతాం. ఇంగ్లీష్‌లో ఒక అక్షరం మీద ఊనిక పడుతుంది, అది తెలుగు లిపిలో రాసుకుంటే కనబడదు. నిఘంటువులో స్పీకర్ బొమ్మ నొక్కి వినండి, పైకి అనండి.

జీఆర్ఈ, ఐఈఎల్‌టీఎస్ కోసం పెద్ద జాబితాలు బట్టీ పట్టాలా?

జీఆర్ఈలో 2011 మార్పులతో యాంటనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీస్ (పద జంటల పోలికలు) ప్రశ్నలు పోయాయి. ఇప్పుడు పదం ఎప్పుడూ వాక్యంలోనో పేరాలోనో ఉంటుంది. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్, స్పీకింగ్ రెండింటిలోనూ పదసంపదకు నాలుగో వంతు మార్కులు. బ్యాండ్ 7 వివరణలోనే తక్కువగా వాడే పదాలతో పాటు శైలి, కొలొకేషన్ (పైన చెప్పిన పదాల సావాసం) తెలిసి ఉండాలని రాసి ఉంటుంది. జాబితా ఉంచుకోండి, కానీ ప్రతి పదమూ వాక్యంతోనే లోపలికి రావాలి.

చదివితే అర్థమవుతుంది, మాట్లాడేటప్పుడు మాత్రం రాదు. ఎందుకు?

గుర్తుపట్టడం, వాడటం రెండు వేరే పనులు. ఎవరికైనా గుర్తుపట్టే పదాలే ఎక్కువ ఉంటాయి. అన్నిటినీ నోటికి తెచ్చుకోవాలని పట్టుబట్టకండి. మీ పనిలో నిజంగా అవసరమయ్యే కొన్నిటిని ఎంచుకుని, విడి పదంగా కాక ముక్కగా అలవాటు చేసుకోండి. ‘కన్సీడ్’ అని కాదు, ‘ఐ కన్సీడ్ దట్ పాయింట్, బట్...’ అని మొత్తం. ముందు మెయిల్‌లో రాయండి, అక్కడ ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. రెండు మూడుసార్లు రాశాక అది మీటింగ్‌లో నోటికి అందుతుంది.

కొత్త పదం వాడితే గొప్పలు పోతున్నానని అనుకోరా?

‘స్టార్ట్’ సరిపోయే చోట ‘కమెన్స్’, ‘యూజ్’ సరిపోయే చోట ‘యుటిలైజ్’ అంటే అనుకుంటారు. అక్కడ పెద్ద పదం కొత్తగా చెప్పేదేమీ లేదు. మెల్లమెల్లగా నమ్మకం దెబ్బతినడాన్ని చెప్పడానికి ‘అండర్‌మైన్’ వాడితే ఎవరూ ఏమీ అనుకోరు, ఎందుకంటే అదే సంగతిని తేలిక మాటల్లో చెప్పాలంటే ఒక వాక్యమంతా పడుతుంది.